మునగాల పాత జనాభా లెక్కలు ఎక్కడ దొరుకుతాయి? మీ ఊరి లెక్కలు మీరెలా వెతికారు?

కూకట్‌పల్లి_మునగాల:
అందరికీ నమస్తే. మాది మునగాల. విజయవాడ హైవే మీద సూర్యాపేట దాటాక, కోదాడ రాకముందు వస్తుంది. బస్సులో పోయేవాళ్లు సగం మంది నిద్రలోనే దాటేస్తారు. హైదరాబాద్‌లో స్థిరపడ్డ మా ఊరోళ్లం కలిసి ఒక చిన్న సంచిక వేద్దామనుకున్నాం. అందులో ఊరి చరిత్ర, జనాభా రాసే పని నా నెత్తిన పడింది. 2011 లెక్కలు నెట్‌లో తేలిగ్గానే దొరికాయి. ఇంకాస్త వెనక్కి పోదామని 1951 నల్లగొండ జిల్లా పుస్తకం స్కాన్ తెరిస్తే మా ఊరి పేరే లేదు. హుజూర్‌నగర్ తాలూకా ఊళ్లన్నీ ఒక్కొక్కటే చూశాను. ఇరుగుపొరుగు ఊళ్లున్నాయి, మాది లేదు. అప్పటికి ఊరే పుట్టలేదా అంటే, మా ముత్తాత పుట్టింది అక్కడే! ఇదేంటో ఎవరికైనా తెలుసా? మీ మీ ఊళ్లకు ఎలా వెతికారో కూడా రాయండి, పనికొస్తుంది.

పాత_గిర్దావరు:
బాబూ, వెతకాల్సిన జిల్లా అది కాదు. 1951లో మునగాల నల్లగొండలో లేదు, అసలు హైదరాబాద్ రాష్ట్రంలోనే లేదు. మునగాల పరగణా, అంటే మునగాల జమీందారీ కింది ఊళ్లు, కృష్ణా జిల్లా నందిగామ తాలూకా కింద ఉండేది, అంటే మద్రాసు వాళ్ల ఇలాకా. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఇంగ్లీషోళ్ల ముక్క. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి పోయింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, అయినా జిల్లా మాత్రం కృష్ణాయే. 1959లో గానీ నల్లగొండలో కలవలేదు.

కాబట్టి 1951 దాకా కృష్ణా జిల్లా పుస్తకాలు చూడు, 1961 నుంచి నల్లగొండవి. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి కనుక 1981 లెక్క తాలూకా పేరు కింద, 1991 లెక్క మండలం పేరు కింద ఉంటుంది. 2016 అక్టోబర్ 11న సూర్యాపేట జిల్లా అయింది కానీ 2011 పుస్తకం నల్లగొండ పేరుతోనే ఉంది. ఈ వరస ముందు ఒక కాగితం మీద రాసుకో. అంకెలు తర్వాత ఎక్కించు. సర్వీసులో ఉన్నప్పుడు కుర్రాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇదే. ఊరు కదలదు, దాని మీద గీసిన గీతలే కదులుతుంటాయి.

కూకట్‌పల్లి_మునగాల:
అమ్మ బాబోయ్, చాలా థ్యాంక్స్ సార్. మా నాయనమ్మ "మేం ఇంగ్లీషు ఇలాకా వాళ్లం, మీ తాతది తురకాణెం" అంటూ తాతను ఆటపట్టించేది. తాతది అవతల నిజాం వైపు ఊరు. ఏదో సరసం అనుకునేవాణ్ణి, నిజంగానే సరిహద్దు ఉందన్నమాట!

తాండూరు_నాపరాళ్లు:
ఇలాంటిదే మాకూ ఎదురైంది. తాండూరు, కొడంగల్ రెండూ 1956 దాకా గుల్బర్గా జిల్లాలో తాలూకాలు. మా పెద్దనాయన బడిలో కన్నడం చదువుకున్నాడు, ఇంట్లో తెలుగు, సర్కారు కచేరీలో ఉర్దూ. ఆయన సంతకం చూస్తే ఏ భాషలో పెట్టాడో మాకు ఇప్పటికీ అర్థం కాదు. రాష్ట్రాల పునర్విభజనలో ఈ రెండు తాలూకాలు ఇటొచ్చాయి. మా వాళ్లు 1951 లెక్కల కోసం హైదరాబాద్ జిల్లా పుస్తకం తిరగేశారు, మహబూబ్‌నగర్‌ది తిరగేశారు. చివరికి గుల్బర్గా సంపుటంలో దొరికింది. తాండూరు ఇప్పుడు వికారాబాద్ జిల్లా, అంతకుముందు రంగారెడ్డి. రంగారెడ్డి అన్నది 1978 ఆగస్టు 15న పుట్టిన జిల్లా కాబట్టి 1971 లెక్కల్లో ఆ పేరే ఉండదు.

గద్వాల వైపు వాళ్లకు కూడా చెప్తున్నా, మీది 1956 దాకా రాయచూరు జిల్లా.

అఫ్జల్‌గంజ్_పాఠకుడు:
మునగాల బ్రదర్, జనాభా సంగతి సార్ చెప్పేశారు. చరిత్ర సంగతి నేను చెప్తా. మీ ఊరి చరిత్రలో పెద్ద ముక్క ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం చూశారా? 1901లో పెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగుకు దిక్కులేని రోజులవి. దాన్ని నిలబెట్టిన వాళ్లలో మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఒకరు, రావిచెట్టు రంగారావు ఇంకొకరు. వీళ్లిద్దరినీ కలిపి నడిపించింది కొమర్రాజు లక్ష్మణరావు. ఆయన మునగాల సంస్థానంలో దివాను. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి కూడా వీళ్ల చేతుల మీదుగానే వచ్చింది. శాసనాలు, చరిత్ర, సైన్సు తెలుగులో అచ్చేసి జనానికి అందించాలని ఒక చిన్న సంస్థానం దివాను పట్టుబట్టడం మామూలు విషయం కాదు. ఆ సంస్థానం బ్రిటిష్ వైపు ఉండటం కూడా కలిసొచ్చి ఉంటుందని నా అభిప్రాయం. నిజాం ఫర్మానాలు అక్కడ చెల్లవు కదా.

ఆ నిలయం దాకా వెళ్తే పాత పత్రికలు చూడొచ్చు. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి కూడా వెళ్లండి, అదీ పాతదే, 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. పొద్దున్నే పోవాలి. మధ్యాహ్నానికి పోటీ పరీక్షల పిల్లలతో కుర్చీ దొరకదు. పాత సెన్సస్ సంపుటాల అంచులు అప్పడాల్లా విరుగుతాయి, ఫోన్‌తో ఫోటో తీసుకోనిస్తారేమో ముందే అడగండి. సెన్సస్ వాళ్ల వెబ్‌సైట్‌లోనూ పాత సంపుటాల స్కాన్‌లు ఉన్నాయి. ఇంట్లో కూర్చుని చూడాలంటే అదే మేలు.

ఎర్రజెండా_నీడ:
రాజా వారి గ్రంథాలయం గురించి రాసి ఊరుకుంటే సంచిక సగమే అవుతుంది. అదే మునగాల పరగణాలో 1930ల్లో జమీందారీ మీద రైతులు పెద్ద పోరాటం చేశారు. వెట్టి, అక్రమ వసూళ్లు, భూములు గుంజుకోవడం, వీటి మీద. నండూరి ప్రసాదరావు లాంటి కమ్యూనిస్టు నాయకులు అక్కడ పనిచేశారు. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక గానీ జమీందారీ పోలేదు. ఇటు హైదరాబాద్‌లో జాగీర్ల రద్దు 1949. పట్నంలో లైబ్రరీ పెట్టిన రాజాయే ఊళ్లో పన్ను గుంజిన రాజా కూడా. రెండూ రాయండి.

కూకట్‌పల్లి_మునగాల:
రాస్తాం అన్నా. మా కమిటీలో కొందరు రాజా గారి ఫోటో ముఖచిత్రం వేద్దామంటున్నారు, కొందరు వద్దంటున్నారు. మీ పోస్ట్ గ్రూప్‌లో పెడితే గొడవ ఇంకా ముదిరింది. 😀

ఇంకో డౌట్. 1951కి ముందు మా ఊరి అంకె దొరక్కపోతే హైదరాబాద్ రాష్ట్రం మొత్తం ఎలా పెరిగిందో దాన్నిబట్టి అంచనా వేసి గ్రాఫ్ గీయొచ్చా?

లెక్కల_మేడం:
వద్దు తమ్ముడూ. మొదటి కారణం, మీరు హైదరాబాద్ రాష్ట్రంలోనే లేరు కదా! రెండోది, ఆ గ్రాఫ్ అంత తిన్నగా లేదు. చూడు: 1881లో హైదరాబాద్ రాష్ట్రంలో మొదటి జనగణన, 98,45,594 మంది. 1891కి 1,15,37,040. 1901కి పెరగాల్సింది పోయి 1,11,41,142కి పడిపోయింది. 1899-1900 కరవు ఎలాంటిదో ఆ ఒక్క అంకె చెప్తుంది. 1911కి 1,33,74,676 అయింది, మళ్లీ 1921కి 1,24,71,770. పదేళ్లలో తొమ్మిది లక్షలు తగ్గారు. 1918 ఇన్‌ఫ్లుయెంజా, ప్లేగు, మధ్యలో వానల్లేని ఏళ్లు. ఆ తర్వాతే ఆగకుండా పెరిగింది, 1931లో 1,44,36,148, 1941లో 1,63,38,534.

ఈ ఎత్తుపల్లాలు అన్ని తాలూకాల్లో ఒకేలా లేవు. మరాఠ్వాడా వైపు కరవు దెబ్బ వేరు, గోదావరి ఒడ్డున వేరు. కృష్ణా జిల్లా కింద ఉన్న మీ పరగణాకు ఈ గీత తొడిగితే అది మీ ఊరి గ్రాఫ్ కాదు. దొరికిన అంకెలకే చుక్కలు పెట్టు, దొరకని చోట ఖాళీ వదిలెయ్. చుక్కల మధ్య గీత గీయకు.

ఇంకో సంగతి, జిల్లా జనగణన పుస్తకాలు ఊరూరి అంకెలతో రావడం మొదలైంది 1951 నుంచి. అంతకుముందు అచ్చయినవి ఎక్కువగా తాలూకాలవీ పట్టణాలవీ. అందుకని 1901 కోసం మునగాల పేరుతో కాక నందిగామ తాలూకా పేరుతో వెతుకు.

భద్రాద్రి_కోడలు:
మా అత్తగారి వైపు వాళ్లది ఇంకా చిత్రమైన కథ. భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా, తర్వాత ఖమ్మం. ఆ ఖమ్మం కూడా 1953లో వరంగల్ నుంచి విడిపోయిన జిల్లా. 2014లో పోలవరం ముంపు కోసం ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం టౌన్ తెలంగాణలో ఉండిపోయింది, చుట్టూ ఊళ్లు అటెళ్లిపోయాయి. రాములవారి గుడి ఇటు, గుడి భూములున్న పురుషోత్తపట్నం అటు. మా ఆడపడుచు ఇంటికి టౌన్ నుంచి ఆటోలో పోతాం, పది నిమిషాల్లో రాష్ట్రం మారిపోతుంది.

దీనివల్ల లెక్క ఎలా మారిందో చూడండి. 2011లో పది జిల్లాలు కూడితే తెలంగాణ జనాభా 3,51,93,978. ఆ మండలాలు తీసేశాక 3,50,03,674. అదే సంవత్సరం, అవే జనాలు, రెండు అంకెలు. 1,90,304 మంది ఎక్కడికీ పోలేదు, తమ ఇళ్లలోనే ఉన్నారు. నెట్‌లో రెండు అంకెలూ తిరుగుతుంటాయి. ఏది వాడినా ఎందుకు వాడారో కింద ఒక ముక్క రాస్తే చదివేవాళ్లకు గందరగోళం ఉండదు.

శంషాబాద్_పాతకాపు:
మా ఊరి సంగతి దీనికి తిరగేసి ఉంది. మీరేమో ఊరు వదిలి హైదరాబాద్ వచ్చారు, హైదరాబాదే మా ఊరికొచ్చింది. 2008లో ఎయిర్‌పోర్ట్ వచ్చాక ఎవరు స్థానికులో, ఎవరు కిరాయిదారులో తెలియదు. జనాభా పెరిగింది అంటారు గానీ మా వీధిలో పాత ఇళ్లు సగం తాళాలే. భూమి అమ్మినవాళ్లు ఇంకా లోపలికి పోయి కొనుక్కున్నారు. ఈ రాకపోకలు ఒక్క అంకెలో కనిపించవు.

తండా_పిల్ల:
ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఒకటి. సెన్సస్‌లో "గ్రామం" అంటే రెవెన్యూ గ్రామం, భూముల రికార్డుల్లో ఒక పేరు కింద ఉన్న ప్రాంతం. పంచాయతీ కాదు, మనుషులు ఉండే గూడెమో తండానో కాదు. మా తండా 2018లో సొంత పంచాయతీ అయింది, సర్పంచ్ కూడా మా వాళ్లే. కానీ 2011 పుస్తకంలో మా తండాకు విడిగా అంకె లేదు, రెవెన్యూ గ్రామం కింద కలిసిపోయింది. ఎస్టీ కాలమ్ చూసి, అక్కడ ఎస్టీలు దాదాపు అందరూ మేమే కనుక, అదే మా తండా జనాభా అనుకుని ఓ అంచనాకొచ్చాం. అది కూడా ఆ రెవెన్యూ గ్రామంలో ఒకటే తండా ఉంటేనే పనిచేస్తుంది.

మునగాల అన్నా, మీరు ఇచ్చే అంకె మునగాల ఊరిదా, శివారు గూడేలతో కలిపా, మండలం మొత్తానిదా? నెట్‌లో ఈ మూడూ "మునగాల జనాభా" పేరుతోనే కనిపిస్తాయి.

కూకట్‌పల్లి_మునగాల:
మంచి ప్రశ్న చెల్లీ. ఇప్పుడే మళ్లీ చూశాను. నా దగ్గరున్నది మండలం అంకె! ఊరిది విడిగా తీయాలి. పైగా మా వాట్సాప్ గ్రూప్‌లో ఒకాయన మనది పట్టణమే అని వాదిస్తున్నాడు, ఇంకొకాయన పల్లెటూరే అంటున్నాడు. దీనికి ఏదైనా రూలుందా?

పాత_గిర్దావరు:
ఉంది. మున్సిపాలిటీ అయితే వేరే ప్రశ్నే లేదు, పట్టణమే. మున్సిపాలిటీ కాకపోయినా మూడు షరతులు తీరితే సెన్సస్ వాళ్లు పట్టణంగా లెక్కిస్తారు. జనాభా కనీసం 5,000 ఉండాలి. మగ పనివాళ్లలో కనీసం 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి. రెండోదాని దగ్గరే మన వైపు ఊళ్లు ఆగిపోతాయి. రోడ్డు మీద హోటళ్లు, మెకానిక్ షెడ్లు, ఎరువుల దుకాణాలు ఎన్ని ఉన్నా వెనక అంతా వరి పొలమే. పొలం ఉన్నవాడు ట్రాక్టర్ కిరాయికి తిప్పినా లెక్కల సారు అడిగితే వ్యవసాయమే అంటాడు.

కోదాడ_అల్లుడు:
వరి అంటే గుర్తొచ్చింది. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు కదా. ఎడమ కాలువ కింద మా మామగారి ఊరు కూడా వచ్చింది. అంతకుముందు జొన్న, కంది, బావి కింద కాస్త వరి. నీళ్లొచ్చాక కృష్ణా, గుంటూరు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చి భూములు కొన్నాయి. ఎకరా ఎంతకు అమ్మారో చెప్పేటప్పుడు మా మామ ఇప్పటికీ పళ్లు కొరుకుతాడు. ఊళ్లోకి నాట్లేసే కూలీలు, రైస్ మిల్లులు, కొత్త పేటలు వచ్చాయి. మీ 1961, 1971 అంకెలు పక్కపక్కన పెట్టండి, తేడా ఎక్కువగా ఉంటే కాలువ సంగతి కూడా రాయండి. ఉత్త పుట్టుకలతో అంత పెరగదు.

శాసనం_చదివేటోడు:
నాకు ఈ అంకెల మీద పెద్ద మోజు లేదు. లెక్కలు మొదలైంది నూటనలభై ఏళ్ల కింద, మన ఊళ్లు ఎప్పటివి? సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి గుళ్ల దగ్గర కాకతీయుల కాలపు శాసనాలు ఉన్నాయి, వాళ్ల సామంతులు రేచర్ల రెడ్లవి. చెరువు తవ్వించారు, గుడి కట్టించారు, ఫలానా భూమి ఇచ్చారు అని రాతి మీద ఉంది. చెరువు ఎంత పెద్దదో చూస్తే దాని కింద ఎంతమంది బతికారో ఊహకు అందుతుంది. మీ ఊరి గుడి ముందు, చెరువు తూము దగ్గర, పాత కోట గోడల్లో రాళ్లు చూడండి. సున్నం పూసేసి ఉంటే గీకకండి, పక్క నుంచి టార్చ్ వెలుతురు వేసి ఫోటో తీయండి, అక్షరాలు లేచి కనిపిస్తాయి.

లెక్కల_మేడం:
శాసనంలో దాత పేరుంటుంది, నాట్లేసిన వాళ్ల లెక్క ఉండదు కదా అన్నా. రెండూ కావాలి.

శాసనం_చదివేటోడు:
ఒప్పుకున్నా మేడం. కానీ టార్చ్ ఐడియా మాత్రం వదలొద్దు.

ఈసీఐఎల్_రాజన్న:
2014 ఆగస్టు 19న తెలంగాణ సర్కారు ఒక్క రోజులో ఇంటింటికీ చేసిన సమగ్ర కుటుంబ సర్వే గురించి ఎవరూ రాయలేదేం? ఆ రోజు హైదరాబాద్ రోడ్లు కర్ఫ్యూలా ఉన్నాయి. ముందు రోజు జేబీఎస్‌లో బస్సు ఎక్కడానికి కిటికీలోంచి సీట్లో కర్చీఫ్ వేసినోళ్లం మేం. ఊళ్లో పేరు లేకపోతే రేషన్ కార్డు పోతుంది, పింఛన్ పోతుంది అని ఒకటే టెన్షన్. ఉప్పల్‌లో ఉండే మా అన్న కుటుంబం కూడా ఊళ్లోనే రాయించుకుంది. అందుకని ఆ అంకె ఊళ్లో నిజంగా ఉండేవాళ్లది కాదు, ఊరు మాది అనుకునేవాళ్లది. సెన్సస్‌తో కలిపి ఒకే పట్టికలో వేయొద్దని నా సలహా. విడిగా వేస్తే మాత్రం ఎంతమంది బయట ఉన్నారో దాంట్లోనే కనబడుతుంది.

కూకట్‌పల్లి_మునగాల:
మరి వచ్చే జనగణనలో నన్ను ఎక్కడ లెక్కేస్తారు? పండగలన్నీ మునగాలలోనే చేస్తాను, ఓటు కూడా అక్కడే.

పాత_గిర్దావరు:
2027 మార్చి 1 నాటి లెక్క అది. మామూలుగా నువ్వు ఎక్కడ ఉంటున్నావో అక్కడే రాస్తారు. ఓటుతో పనిలేదు, పట్టాతో పనిలేదు. సెన్సస్‌కు నువ్వు కూకట్‌పల్లి వాడివి. ఈసారి కులం కూడా అడుగుతారు. అందరి కులాలూ లెక్కేసి పట్టికలు అచ్చేసింది చివరగా 1931లో.

కృష్ణ_తుంగభద్ర:
ఆలస్యంగా చూశాను. మాది అలంపురం దగ్గర, ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్నా. శ్రీశైలం ముంపులో కూడవెల్లి పోయింది, అక్కడి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో కట్టారు. మా అమ్మమ్మ వాళ్ల ఊరు కూడా ముంపులోనే. లెక్కల్లో ముంపు ఊళ్ల పేర్లు ఉంటాయా, తీసేస్తారా?

పాత_గిర్దావరు:
రెవెన్యూ రికార్డులో ఊరి పేరు ఉన్నంతవరకు సెన్సస్ జాబితాలో కూడా ఉంటుందమ్మా, ఎదురుగా మనుషులు లేరని రాస్తారు. మా భాషలో బేచిరాక్ గ్రామం. మొదట 1971 పుస్తకం చూడు, ముంపుకు ముందుది. అది మహబూబ్‌నగర్ జిల్లా అలంపురం తాలూకాలో ఉంటుంది. తర్వాత 1981, 1991 చూసి, చుట్టుపక్కల ఏ ఊళ్లు ఒక్కసారిగా పెరిగాయో గుర్తు పెట్టుకో. మీ వాళ్లు వాటిల్లో ఏదో ఒక ఊరికి చేరి ఉండొచ్చు. 1951 కావాలంటే మాత్రం రాయచూరు, పైన తాండూరు ఆయన చెప్పాడుగా. అమ్మమ్మ ఊరి పేరు రాయి, నేను కూడా వెతుకుతా.